పోయిన నిమిషాలకు సాక్ష్యం ఎవరు?

అందరికీ నమస్కారం. తిరుపతిలో న్యాయవిద్య చదువుతున్న విద్యార్థులతో పాటు, పిల్లలను వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు పంపిన తల్లిదండ్రులూ ఈ సభలో ఉన్నారు. అందుకే సెక్షన్ల జోలికి పోకుండా పరీక్ష గదిలోని గడియారం గురించి మాట్లాడతాను.

2024 మే 5న నీట్ జరిగింది. కొన్ని కేంద్రాల్లో తమకు పూర్తి సమయం ఇవ్వలేదని విద్యార్థులు హైకోర్టులకు వెళ్లారు. పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌టీఏ, పోయిన సమయానికి బదులుగా 1,563 మందికి మార్కులు కలిపింది. దానికి 2018 నాటి న్యాయవిద్య ప్రవేశ పరీక్ష క్లాట్ వివాదంలో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన సూత్రాన్ని తీసుకుంది. ఆ ఏడాది క్లాట్ కంప్యూటర్ మీద జరిగింది కాబట్టి ఎవరికి ఎంత సమయం పోయిందో యంత్రంలో జాడ ఉంటుంది. నీట్ కాగితం మీద రాసే పరీక్ష. జవాబుల గడులు నింపే ఓఎంఆర్ పత్రం నిమిషాలు లెక్కపెట్టదు! మొత్తం 720 మార్కులకు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1 ఉండే పరీక్షలో మామూలుగా ఎవరికీ రావడం కుదరని 718, 719 మార్కులు కొందరికి వచ్చాయి. దేశమంతా అనుమానంతో చూసింది.

చివరికి కలిపిన మార్కులు తీసేశారు. అవి లేని మార్కులతో సరిపెట్టుకోవడమో, జూన్ 23న మళ్లీ రాయడమో తేల్చుకోమన్నారు. 813 మంది రాశారు. వీరికి ఏడు వారాల తరువాత మరో ప్రశ్నపత్రం దొరికింది. మరి అలాగే సమయం పోగొట్టుకుని, కోర్టు మెట్లెక్కే స్తోమత లేక ఊరుకున్నవారి మాటేమిటి? నన్ను అన్నిటికన్నా బాధించే ప్రశ్న ఇదే.

అందరికీ మళ్లీ పెడితే? 2015లో అప్పటి వైద్యవిద్య ప్రవేశ పరీక్ష ఏఐపీఎంటీని సుప్రీంకోర్టు రద్దు చేసింది. అక్రమంగా లాభపడినట్టు అప్పటికి తేలినవారు 44 మంది, మళ్లీ రాయాల్సి వచ్చినవారు ఆరు లక్షల పైమాటే. 2024 నీట్‌లో ప్రశ్నపత్రం లీకేజీతో లాభపడినవారు 155 మందని కోర్టు ముందుకు వచ్చినా, పరీక్షను రద్దు చేయలేదు. తప్పు చేసినవారిని మిగతావారి నుంచి విడదీయగలమా అన్నదే కోర్టుల కొలబద్ద. లీకేజీకి అది సరైనదే. గదిలో పోయిన సమయానికి అది పనికిరాదు. అక్కడ కావలసింది సాక్ష్యం.

2025లో ఇందోర్‌లో నీట్ పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. మధ్యప్రదేశ్ హైకోర్టులో ఒక న్యాయమూర్తి మళ్లీ పరీక్ష పెట్టమన్నారు, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. అదే చీకటి, అవే గదులు, రెండు తీర్పులు.

సీసీ కెమెరా దృశ్యాలు, హాజరు పట్టీలు అన్నీ పరీక్ష పెట్టినవారి చేతిలోనే ఉంటాయి. పలమనేరు నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతి వచ్చి రాసిన అమ్మాయిని నిరూపించుకోమనడం అన్యాయం. పోయిన నిమిషాలను ఆ గదిలోనే ఇన్విజిలేటరు రాసి, పిల్లలతో సంతకాలు చేయించి, ఒక ప్రతి వారి చేతికివ్వాలి. ఈ నిబంధన కోసం మనం గట్టిగా అడగాలి.

అది వచ్చేదాకా తల్లిదండ్రులకు ఒక్క మాట. పరీక్షలో సమయం పోయిందని బిడ్డ చెబితే ఫలితాల దాకా ఆగకండి. ఆ సాయంత్రమే, కేంద్రం గేటు దాటకముందే అర్జీ రాయించి, అందినట్టు సంతకం తీసుకోండి. సంతకం పెట్టడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, ఆ రాత్రే ఈమెయిల్ పంపండి.