పట్టా కాగితం వెనుక ఉన్న రైతు

సభాధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. నాకిచ్చిన అంశం మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన ప్రధానులు, అంటే నేటి మాటలో ముఖ్యమంత్రులు. రాజాజీ, ప్రకాశం పంతులు గార్ల గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు కనుక, మన జిల్లాల్లో పేరైనా వినపడని ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారి గురించే మాట్లాడతాను.

ఆయన 1895లో తమిళనాట తిండివనం దగ్గరి ఓమందూరులో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. కాంగ్రెసులో పనిచేసి, ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయాక 1947 మార్చిలో ప్రధాని అయ్యారు. 1949 ఏప్రిల్‌లో దిగిపోయారు. ఆ రెండేళ్లలోనే దేవదాసీ ఆచార నిషేధం, దేవాలయ ప్రవేశ చట్టం, రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చాయి. వాటికి వేరే సభ పెట్టుకోవచ్చు. నేను చెప్పవలసింది శిస్తు సంగతి.

మా తాతగారు జమీందారీ రైతు. రశీదు చూపలేకపోతే కట్టిన శిస్తే మళ్లీ కట్టాల్సి వస్తుందన్న భయంతో, దివాణం వారు, అంటే జమీందారు కచేరీ వారు, ఇచ్చిన ప్రతి రశీదునూ రేకుపెట్టెలో కట్టలు కట్టి దాచారు. అంచులు చెదలు తిన్నా పారేయనిచ్చేవారు కాదు. మా ఊరికీ పొరుగూరికీ నడుమ ఒక్క గట్టే అడ్డు. అదే కాలువ నీరు, అదే నల్లరేగడి. అది రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ గ్రామం, మాది జమీందారుకు కట్టే ఎస్టేటు గ్రామం, శిస్తు మాకే ఎక్కువ.

ఎస్టేటు గ్రామాల శిస్తును పొరుగు రైత్వారీ గ్రామాల స్థాయికి దించడానికి 1947లో చట్టం తెచ్చింది రెడ్డియార్ గారి ప్రభుత్వమే. ఆ తరువాతే 1948 నాటి 26వ చట్టం జమీందార్లకు పరిహారమిచ్చి ఎస్టేట్లను స్వాధీనం చేసుకుని, సాగుదారుకు రైత్వారీ పట్టా ఇచ్చే దారి తెరిచింది. ప్రకాశం గారి జమీందారీ విచారణ సంఘం అంతకు పదేళ్ల ముందే బాట వేసిందనీ, నాటి రెవెన్యూ మంత్రి కళా వెంకటరావు గారనీ నేను మరచిపోలేదు. అయినా ముందు శిస్తు తగ్గించి, తరువాత ఎస్టేట్లు తీసుకున్న ఈ వరుసలో నాకు రైతు బుద్ధే కనిపిస్తుంది: సర్వేలూ పరిహారం లెక్కలూ తేలేసరికి ఏళ్లు పడతాయి, శిస్తు గడువు మాత్రం ఈ కోతకే వచ్చి పడుతుంది.

అయ్యా, అమ్మా, మీలో ఎస్టేటు గ్రామాల వారు ఎందరున్నారో చేతులెత్తండి. మీ ఇళ్లలోని పాత పట్టాలు ఎవరి హయాంలో చేసిన చట్టంతో వచ్చాయో మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా? పదవి వదిలాక ఆయన వడలూరులో తమిళ సాధువు రామలింగ స్వామి సన్నిధిని సేవలో గడిపి 1970లో కన్నుమూశారు. మన వైపు ఆయన పేరిట ఒక వీధినైనా నేను చూడలేదు. అది నాకు బాధ.

పట్టా చేతికొచ్చిన రోజున కూడా తాతగారు రశీదులు పారేయలేదు, దాన్ని వాటిపైన పెట్టి పెట్టె మూశారు. ఆ పెట్టె ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది. చూడదలచినవారు ముందుకు రండి.