ఆగిన యూనిట్‌కు అనుమతి ఇవ్వండి, ముందు ఈఎస్పీ చూడండి

వేదిక మీదున్న పెద్దలకు, ఖైరతాబాద్ ట్రాఫిక్ దాటుకొని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. కానీ ఉన్నది పావుగంట, అందుకే నేరుగా విషయానికి వస్తాను.

ఏళ్ల తరబడి ఆగిన 210 మెగావాట్ల బొగ్గు యూనిట్‌ను మళ్లీ నడపాలంటే 1981 వాయు చట్టం 21వ సెక్షన్ కింద పీసీబీ, అంటే కాలుష్య నియంత్రణ మండలి, కన్సెంట్ ఉండాలి. ఇవ్వాలనే నేనంటాను. కరెంటు అవసరం, పొగ, బొగ్గు రవాణా గురించి మూడు మాటలు చెబుతాను.

అవసరం సంగతి మీకు తెలిసిందే. 2025 మార్చిలో రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ 17,000 మెగావాట్లు దాటింది. పొద్దుగూకాక సోలార్ ఉండదు, ఏసీలు ఆగవు. కొత్త ప్లాంటుకు ఏళ్లు పడుతుంది. పాతదానికి స్విచ్‌యార్డు, లైన్లు, నీళ్లు, రైల్వే సైడింగ్ అన్నీ ఉన్నాయి.

ఇక పొగ. లెక్క మీరే వేసుకోండి. ఫుల్ లోడులో గంటకు సుమారు 150 టన్నుల బొగ్గు కాలుతుంది. నూటికి 40 పాళ్లు బూడిద అనుకుంటే 60 టన్నులు. అయిదో వంతు బాయిలర్ అడుగున పడినా 48 టన్నులు పొగతో ఈఎస్పీలోకి, అంటే కరెంటుతో పొగలోని బూడిదను పట్టే యంత్రంలోకి, వెళ్తాయి. అది 99.9 శాతం పట్టుకుంటే చిమ్నీ నుంచి గంటకు 48 కిలోలు పోతాయి. 99 శాతమే పట్టుకుంటే 480 కిలోలు! చూడ్డానికి ఒక్క శాతం కూడా తేడా లేదు, ఊళ్ల మీద పడే దుమ్ము మాత్రం పదింతలు. 2003 చివరిలోపు పెట్టిన యూనిట్లకు దుమ్ము పరిమితి ఘనపు మీటరు పొగకు 100 మిల్లీగ్రాములు. మొదటి లెక్కకు దాదాపు 60 వస్తుంది, రెండో దానికి 600.

గంధకం గురించి, పొగలోంచి దాన్ని తీసే ఎఫ్‌జీడీ గురించి అడుగుతారని తెలుసు. దాని మీద వచ్చిన 2025 జులై నోటిఫికేషన్ గురించి విడిగా సభ పెట్టుకుందాం. ఈరోజు నా బాధ హాపర్ల గురించే, అంటే ఈఎస్పీ కింద బూడిద పడే తొట్ల గురించే.

యూనిట్ ఆపినప్పుడు హాపర్లలో బూడిద పూర్తిగా తీయకపోతే వానాకాలం తేమకు అది సిమెంటులా గట్టిపడుతుంది. లైటప్ చేశాక, అంటే బాయిలర్ వెలిగించాక, కొత్త బూడిద కిందికి దిగదు. పైకి పేరుకుని ఎలక్ట్రోడ్లకు తగలగానే ఆ ఫీల్డ్, అంటే ఈఎస్పీలో ఆ విభాగం, షార్టయి ట్రిప్పవుతుంది. ఒక ఫీల్డ్ పోతే దాని బూడిదంతా తర్వాతి ఫీల్డ్ మీద పడుతుంది. లోపల తుప్పు పట్టి, బూడిదను పట్టుకునే ప్లేట్లు వంగితే, ప్లేటుకూ ఎలక్ట్రోడుకూ మధ్య దూరం ఒకచోట తగ్గి తక్కువ కిలోవోల్టులకే స్పార్క్ వస్తుంది. ప్లేట్లను కొట్టి దులిపే ర్యాపింగ్ సుత్తులు బిగుసుకుపోతే ప్లేట్ల మీది బూడిద రాలనే రాలదు.

ఇవన్నీ బాయిలర్ వెలిగించక ముందే తెలుసుకోవచ్చు. మ్యాన్‌హోల్ తీసి మనిషి లోపలికి వెళ్లి ప్లేట్ల మధ్య ప్రతి లేన్ వెడల్పు కొలవాలి. సుత్తులు ఒక్కొక్కటీ తిప్పి చూడాలి. పొగను చిమ్నీకి లాగే ఐడీ ఫ్యాన్ నడిపి పొగ దారిలో గాలి సమంగా వస్తోందో లేదో కొలవాలి. ఆఖర్న ఎయిర్ లోడ్ టెస్ట్: పొగ లేకుండానే ప్రతి ఫీల్డ్‌నూ చార్జ్ చేసి, వోల్టేజీ పెంచుతూ కరెంటు రాసుకోవాలి. ఏ ఫీల్డ్ తొందరగా స్పార్క్ కొడుతుందో ఆ కాగితమే చెప్పేస్తుంది. దయచేసి ఆ కాగితం అడగండి. టర్బైన్ ఆయిల్ ఫ్లషింగ్‌కు, ట్యూబుల హైడ్రో టెస్టుకు ఉన్న శ్రద్ధ దీనికి ఉండదు. ఎందుకంటే ట్యూబ్ పగిలితే యూనిట్ ఆగుతుంది, ఈఎస్పీ పాడైతే యూనిట్ నడుస్తూనే ఉంటుంది. నష్టం చుట్టుపక్కల ఊళ్లది.

లైటప్ నాటి నల్లపొగ మాటేమిటని అడుగుతారు. చల్లారిన బాయిలర్ వెలిగించే కోల్డ్ స్టార్ట్‌లో మొదటి గంటలు ఆయిల్ చిమ్మి మండించే గన్‌ల మీదే నడుస్తుంది. సగం కాలిన ఆయిల్ ప్లేట్లకు అంటుకుంటే స్పార్కుకు నిప్పంటుకోవచ్చు కాబట్టి అప్పుడు ఫీల్డులు చార్జ్ చేయరు. అది తప్పదు. కానీ హాపర్ హీటర్లు, ఇన్సులేటర్ హీటర్లు ముందు రోజే వేసి ఉంచి, బొగ్గు మంట నిలబడి ఆయిల్ తీయగానే ఫీల్డులు వరసగా ఎక్కిస్తే ఆ పొగ కొద్ది గంటల్లో తగ్గుతుంది. హీటర్లు మరిచిపోతే తడిసిన ఇన్సులేటర్లు పగులుతాయి, ఆ గంటలు రోజులవుతాయి.

గంట కొట్టారు, బొగ్గు రవాణా మాట్లాడే టైం లేదు. సనత్‌నగర్‌లోని పీసీబీ ఆఫీసుకు మీలో ఎవరు లేఖ రాసినా, అనుమతి ఇవ్వమనే రాయండి. దాంతో పాటు కన్సెంట్‌లో మూడు షరతులు పెట్టమనండి. లైటప్‌కు ముందే ఎయిర్ లోడ్ టెస్ట్ ఫలితాలు బోర్డుకు ఇవ్వాలి. ఫీల్డులు ట్రిప్పయితే పరిమితి దాటకుండా లోడు తగ్గించాలి, ఎన్ని పోతే ఎంత తగ్గించాలో కన్సెంట్‌లోనే రాసి ఉండాలి. చిమ్నీ మీది డస్ట్ మీటర్‌ను, శాంపిల్ తీసి తూచిన దుమ్ముతో సరిచూశాకే దాని రీడింగ్ నమ్మాలి.