ట్రాన్స్‌ఫార్మర్ పోయిన రాత్రి

(ఊళ్లో సీసీ కెమెరాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న సర్పంచ్ గారికి, ఎస్సై గారికి, పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం. పాలు తీసే వేళవుతోంది కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, ఏమీ అనుకోవద్దు.

కెమెరాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఊరంతా చందాలు వేసుకుని పెట్టుకున్నాం, సంతోషం. బస్టాండు కనిపిస్తుంది, రామాలయం కనిపిస్తుంది, బడి కనిపిస్తుంది. కానీ మనకు దొంగతనాలు జరిగేది చేలల్లో. మోటార్లు, కేబుల్ వైర్లు, స్టార్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పోతున్నాయి. ఆ బోర్ల దగ్గరికి ఏ కెమెరా వస్తుంది?

ఆరేళ్ల కిందట మా ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. మీలో చాలామందికి తెలుసు. తెలిసినా ఇవాళ మళ్లీ చెబుతాను, వినండి.

తెల్లారి మోటారు వేద్దామని వెళితే, స్తంభం మీద లైను కరెంటు ఆపే ఏబీ స్విచ్ కిందికి లాగేసి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీద లేదు. గట్టు పక్కన బోర్లా పడి ఉంది, మూత ఊడదీసి. లోపల రాగి చుట్ట లేదు. ఆయిల్ అంతా మట్టిలోకి ఇంకిపోయి నేల నల్లగా, జిగటగా ఉంది. చెప్పుతో తొక్కితే చెప్పు అంటుకుపోయింది. ఆ వాసన వారం దాకా పోలేదు.

దాని కింద ఆరు బోర్లు. అందరివీ వేరుశనగ చేలే, కాయ కట్టే ఊడలు నేలలోకి దిగే దశ. ఆ దశలో తడి లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

స్టేషన్‌కి పోతే మీ చేను పక్క స్టేషన్ పరిధిలోకి వస్తుందన్నారు. ఆ పక్క స్టేషన్‌కి పోతే స్తంభం అటు ఉంది, మీరు అటే పోవాలన్నారు. కరెంటు ఆఫీసులో అడిగితే ఎఫ్ఐఆర్ కాపీ తెస్తేనే కొత్తది ఇస్తామన్నారు. ఇలా పందొమ్మిది రోజులు తిరిగాం. పక్క చేను కౌలుకు చేస్తున్న అక్క అప్పటికి బిందెలతో నీళ్లు మోసింది. ఎకరంన్నర చేనుకి బిందెలతో! ఇరవయ్యో రోజున ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టింది. ఊడలు నేలను తాకకుండానే, దారప్పోగుల్లా ఎండిపోయి వేలాడుతున్నాయి. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ మరుసటేడు ఆమె కౌలు వదిలేసి కూలికి పోయింది.

ఎస్సై గారూ, మీరు కొత్తగా వచ్చారు, ఇది మీ మీద నేరం మోపడం కాదు. ఇప్పుడు చట్టం కూడా మారింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఫోన్ నుంచి పంపినా సరే, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెడితే చాలు. ఈ మాట మీ నోటితో ఈ సభలో ఒక్కసారి చెప్పండి. మా వాళ్లు ధైర్యంగా వస్తారు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇది. ఆ దొంగతనం గురించి ఊళ్లో తెలియంది కాదు. ముక్కలుముక్కలుగా నలుగురికి తెలుసు. రెండు రోజుల ముందు ఏబీ స్విచ్ తాళం పగిలి ఉండటం లైన్‌మన్ చూశాడు, రైతులే పగలగొట్టుకున్నారనుకున్నాడు. మంద తోలుకుని చేలో పడుకున్న గొర్రెల కాపరి లైట్లు లేకుండా వెళ్లే ఆటో ట్రాలీని చూశాడు, చెబితే స్టేషన్‌లో కూర్చోబెడతారని నోరు మూసుకున్నాడు. చెరువు కట్ట కింద వైరు కాల్చిన మసి బట్టలు ఉతికే ఆడవాళ్లు చూశారు. కాలిన రాగి అమ్మకానికి వస్తే పాత సామాను కొనేవాళ్లకు తెలియదా? ఈ నాలుగు ముక్కలూ ఒకచోట కలిసింది ఏడాది తర్వాత, ఒక పెళ్లి భోజనాల దగ్గర. అప్పటికి ఏం లాభం?

మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట అనే ఊరుంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారా కొట్టును ఆపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లు మొదట కలిసింది ఎక్కడ? అక్షరాస్యత ఉద్యమం పెట్టిన రాత్రి బడిలో. పలకా బలపం పట్టుకుని ఒకచోట కూర్చున్నారు కాబట్టే ఒకరింటి ఏడుపు ఇంకొకరికి తెలిసింది. మనకూ అలా కూర్చునే చోటు కావాలి.

కర్రలు పట్టుకుని కాపలా తిరుగుదామని కుర్రాళ్లు అంటున్నారు. బాబూ, వద్దు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు తిరిగి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. తెలియని మనిషి కనిపిస్తే ఫోన్ చేయండి, చెయ్యి చేసుకోకండి.

పాత సామాను కొనే తమ్ముళ్లను కూడా పిలుద్దాం. దొంగల్లా చూస్తూ కాదు, కుర్చీ వేసి పిలుద్దాం. విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద లైన్ల సామాను ఎత్తుకుపోయినవాడికి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. దొంగ సొత్తని తెలిసీ కొన్నవాడికి 137 కింద అంతే. ఈ సంగతి వాళ్లకు ముందే చెబితే వాళ్లకూ మేలు, మనకూ మేలు. గొర్రెల కాపరులు రావాలి. వాళ్ల పేరు ఎవరూ అడగకూడదు, రాసుకోకూడదు. ఎస్సై గారూ, ఈ మాట కూడా ఇక్కడే ఇవ్వండి.

అమ్మా, పెద్దగా ఏర్పాట్లేమీ వద్దు. నెలకోసారి, మొదటి శనివారం సాయంత్రం, పాలకేంద్రం దగ్గర. ఎలాగూ అందరం అక్కడికే వస్తాం. బీట్ కానిస్టేబుల్, లైన్‌మన్, సచివాలయం నుంచి మహిళా పోలీసు అమ్మాయి వస్తామన్నారు. పాలు పోసి క్యాను కడుక్కుని వెంటనే వెళ్లిపోకండి. ఒక్క అరగంట అక్కడే ఆగండి. ఆ కౌలు చేసిన అక్కకు కూడా కబురు పెట్టాను, వస్తానంది.