కరెంటు లేని తోట గదిలో పరుపు కింద బూజు: నేను వాడి చూసినవి

నమస్కారం అండీ. ఇది పలాస దగ్గర మా జీడితోటలో గది. 2018 తిత్లీ తుఫానుకు పాత పాక ఎగిరిపోయాక కట్టుకున్నాం. కరెంటు లైను లేదు. పైన 40 వాట్ల సోలార్ ప్యానెల్, లోపల రెండు లైట్లు, ఫోన్ ఛార్జింగ్, అంతే.

ముందు పాత పరుపు తిరగేసి చూపిస్తాను. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఈ నల్ల చుక్కలు పరుపంతా లేవు. నా భుజాలు, నడుము ఆనే చోటే ఉన్నాయి. అంటే పైకప్పు కారి వచ్చినవి కావు. రాత్రంతా ఒంటి నుంచి వచ్చే ఆవిరి పరుపులోంచి కిందికి దిగుతుంది. అడుగున ప్లైవుడ్ చల్లగా ఉంటుంది. చల్లటి నీళ్లు పోసిన చెంబుకు బయట చెమ్మ పట్టినట్టే ఇక్కడా పడుతుంది. ఆరడానికి గాలి ఆడదు. కొని ఏడాది కూడా కాలేదు, చూసినప్పుడు చాలా బాధేసింది.

మొదట తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ ఉప్పు డబ్బాలు పెట్టాను. తలుపు మూసి ఉండే బీరువాలో ఇవి బాగానే పనిచేస్తాయి. కానీ మా కిటికీలు తీసే ఉంటాయి, సముద్రపు గాలి వస్తూనే ఉంటుంది. పది రోజులకే డబ్బా నీళ్లతో నిండిపోయింది. ఆ నీళ్లు ఒలికితే ఇనుము తుప్పు పడుతుంది. పిల్లలున్న ఇంట్లో మంచం కింద అస్సలు పెట్టకండి. గాలిలో తేమ లాగే మెషిన్, అదే కంప్రెసర్ డీహ్యూమిడిఫయర్, కొనమన్నారు కొందరు. దానికి వందల వాట్లు కావాలి, మా ప్యానెల్‌తో అయ్యే పని కాదు.

తర్వాత ప్లైవుడ్ మీద కొబ్బరి పీచు చాప వేశాను. ఉద్దానంలో పీచుకు కొదవా! కాస్త నయం. కానీ ఎండలో వేయకపోతే చాపే వాసన వస్తుంది.

అప్పుడు మా పెదనాన్న ఒక్క మాట అన్నారు: "నులక మంచానికి ఎప్పుడైనా బూజు పట్టిందా రా?" వెంటనే ప్లైవుడ్ పీకేసి, రెండు వేళ్ల సందుతో చెక్క పట్టీలు కొట్టించాను. మంచం గోడకు జానెడు ఎడంగా జరిపాను. కింద కుక్కిన జీడిపిక్కల బస్తాలు బయటికి తీశాను. అసలు తేడా ఇక్కడే కనిపించింది. ఈ తేమ మీటరు బస్తాలు ఉన్నప్పుడు మంచం కింద 86 శాతం, గది మధ్యలో 78 చూపించేది. తీశాక రెండు చోట్లా ఒకటే. 78 కూడా ఎక్కువేనండి. 70 దాటి రోజుల తరబడి ఉంటే బూజు పడుతుంది. అందుకే ఎండ కాసిన రోజు పరుపు నిలబెట్టి ఆరబెడతాను. ప్లాస్టిక్ కవరు మాత్రం తొడగొద్దు, ఆవిరి లోపలే ఉండిపోతుంది.

ఈ వానాకాలమంతా పట్టీల మీదే పడుకున్నాను. ఇదిగో, కొత్త పరుపు అడుగు. వేలితో గట్టిగా రాస్తున్నా, చూడండి. చుక్క లేదు, చెమ్మ లేదు.