ప్రశ్న నంబరు వేసి రాయండి

శ్రోతలకు నమస్కారం.

మన ఫోన్లో డేటా ధర ఎలా ఉండాలన్న నిబంధనలు ఢిల్లీలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెడుతుంది. పెట్టేముందు అడుగుతుంది. కంపెనీలనే కాదు, మిమ్మల్నీ నన్నూ కూడా అడుగుతుంది. 2015 దాకా ఈ సంగతి నాకూ తెలియదు.

ఆ ఏడాది మార్చిలో ట్రాయ్ ఒక సంప్రదింపుల పత్రం విడుదల చేసింది. 118 పేజీల ఇంగ్లీషు, 20 ప్రశ్నలు. ఒక్కో యాప్‌కి ఒక్కో రేటు పెట్టొచ్చా అన్నది అందులో పెద్ద తగువు. మీరు ఫ్యాను వేశారా, మిక్సీ వేశారా అని కరెంటు మీటరు అడగదు, యూనిట్లు లెక్కేస్తుంది. డేటా కూడా అలాగే ఉండాలన్నారు కొందరు వాలంటీర్లు. ఆ 20 ప్రశ్నలకూ జవాబులు తయారుచేసి, ఎవరైనా తేలిగ్గా పంపేలా పెట్టారు. ఏప్రిల్లో 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి.

డిసెంబరులో ఆ రేట్ల తగువు మీదే ఇంకో పత్రం వచ్చింది. ఈసారి 4 ప్రశ్నలే. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే ఫ్రీ బేసిక్స్ అనే తన పథకం కోసం ఫేస్‌బుక్ వాడకందార్ల ముందు ఒక బటన్ పెట్టింది. నొక్కితే చాలు, మద్దతు లేఖ ట్రాయ్‌కి వెళ్లిపోతుంది. లక్షలమంది నొక్కారు. మా ఇంట్లోనూ ఒకరు నొక్కారు, "ఫ్రీగా ఇస్తానంటే కాదంటామా?" అని. నేను తప్పుపట్టలేదు.

ట్రాయ్ మాత్రం ఒప్పుకోలేదు. మేమడిగిన ప్రశ్నలకు ఇందులో జవాబు లేదు, మళ్లీ రాయండి అంది. నిజానికి ఏప్రిల్ ఈమెయిళ్లలోనూ చాలావరకు ఒకే మూస. కాకపోతే ఆ మూసలో జవాబులున్నాయి. తేడా అంతా అక్కడే.

2016 ఫిబ్రవరి 8న నిర్ణయం వచ్చింది. చూసే సైటును బట్టి డేటా రేటు మార్చకూడదు, మారిస్తే రోజుకు 50,000 రూపాయల జరిమానా.

ఈసారి పత్రం వస్తే మొత్తం చదవక్కర్లేదు. ప్రశ్నలన్నీ చివర ఒకచోట ఉంటాయి. మీకు తెలిసిన ఒక్క ప్రశ్న పట్టుకోండి. నంబరు వేయండి. "మా ఊళ్లో సాయంత్రమైతే పిల్ల మిద్దెక్కి క్లాసు వింటోంది" లాంటి మీ సంగతి రాయండి. ప్రశ్న నంబరు మాత్రం మరిచిపోకండి. ఫోన్ నంబరు మాత్రం వేయకండి. వచ్చిన అభిప్రాయాలను ట్రాయ్ తన సైటులో పెడుతుంది. 2015లో అయితే జనం ఈమెయిల్ అడ్రసులతో సహా పెట్టేసింది!