మెనూ తెరిచి చూడండి: హోమ్ థియేటర్‌లో బొమ్మ చెడినప్పుడు

వ్యాఖ్యాత: నమస్కారం. నిజాంపేటలో మేము ఈ మధ్యే మారిన ఫ్లాట్‌లో ఒక గదిని ప్రొజెక్టర్ కోసం కేటాయించుకున్నాం. గృహప్రవేశమై నెల తిరగకముందే సినిమా నడుస్తుండగా తెర మీద తెల్లని చుక్కలు మిలమిలమని రాలడం మొదలైంది. సర్వీసు సెంటర్ వారు ఫోన్‌లోనే బోర్డు మార్చాలని తేల్చేశారు. ఏళ్ల తరబడి ఇళ్లలో థియేటర్లు అమరుస్తున్న మా బాబాయి వచ్చి చూశాక అసలు సంగతి తెలిసింది. ఆయనే ఈనాటి అతిథి. బాబాయి గారూ, ఆ రోజు మీరు స్క్రూడ్రైవర్ తీయకుండా ముందుగా ప్రొజెక్టర్ రిమోట్ అడిగారు. ఎందుకండీ?

బాబాయి: మెనూ కోసమమ్మా. సెట్టింగుల మెనూ బయటి నుంచి కేబుల్‌లో వచ్చేది కాదు, ప్రొజెక్టర్ తనలో తాను తయారుచేసుకునే బొమ్మ. తెరంతా చుక్కలు రాలుతున్నప్పుడు మెనూ తెరిస్తే, ఆ అక్షరాల మీద ఒక్క చుక్క కూడా పడకపోతే, లెన్సు, దీపం, లోపలి ప్యానెల్ బాగున్నట్టే లెక్క. అదే మచ్చ మెనూ మీద కూడా కదలకుండా కూర్చుంటే ప్రొజెక్టర్‌నే అనుమానించాలి. మసకగా, అంచులు చెదిరినట్టున్న మచ్చ చాలాసార్లు లోపల చేరిన దుమ్ము. మన ఊళ్లో పక్క స్థలంలో ఎప్పుడూ ఏదో ఒక నిర్మాణం సాగుతూనే ఉంటుంది కనుక ఫిల్టర్‌ను తరచుగా శుభ్రం చేసుకోక తప్పదు. సూది మొనలా స్పష్టంగా, ఎప్పుడూ ఒకే చోట వెలిగే తెల్లని చుక్క చిన్న చిన్న అద్దాలతో బొమ్మ వేసే డీఎల్‌పీ ప్రొజెక్టర్‌లో కనిపిస్తే, అది లోపలి చిన్న అద్దం ఒకటి ఇరుక్కుపోయిన గుర్తు, దానికి తుడుపు పనిచేయదు.

వ్యాఖ్యాత: మా ఇంట్లో మెనూ తేటగానే వచ్చింది. అయినా బోర్డు బాగుందని మీరు అప్పుడే చెప్పలేదు.

బాబాయి: చెప్పకూడదు. కేబుల్ వచ్చి చేరే ఇన్‌పుట్ బోర్డు చెడినా మెనూ తేటగానే ఉంటుంది. అందుకే ప్లేయర్‌ను హాల్లో నుంచి తెచ్చి, స్టూలెక్కి, ప్రొజెక్టర్ పక్కనే పెట్టి, మీటరున్నర కేబుల్‌తో నేరుగా కలిపాను. అరగంట చూశాం, ఒక్క చుక్క రాలలేదు. ప్లేయర్ అదే, బోర్డు అదే, మారింది మధ్య దారి మాత్రమే. ఫాల్స్ సీలింగ్‌లో పదిహేను మీటర్లు పరచిన రాగి కేబుల్‌దే తప్పని తేలింది.

వ్యాఖ్యాత: అయితే పాత ఇంట్లో అదే కేబుల్‌తో నేను ఏళ్లపాటు సినిమాలు చూశాను. ఇక్కడికి వచ్చాకే ఎందుకు చెడింది?

బాబాయి: చెడలేదమ్మా, మోసే బరువు పెరిగింది. నీ పాత ప్రొజెక్టర్ 1080పి, ఇక్కడిది 4కె, అంటే నాలుగింతల పిక్సెళ్ల బొమ్మ. సెకనుకు 60 ఫ్రేముల చొప్పున 1080పి బొమ్మకు సెకనుకు దాదాపు నాలుగున్నర గిగాబిట్ల డేటా చాలు. అదే వేగంతో 4కె బొమ్మ పంపాలంటే సుమారు 18 గిగాబిట్లు కావాలి. బొమ్మనూ శబ్దాన్నీ ఒకే కేబుల్‌లో పంపే హెచ్‌డీఎంఐ ప్రమాణంలో 2013లో వచ్చిన 2.0 రూపం గరిష్ఠ సామర్థ్యం కూడా అంతే. రాగిలో దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది. డాబా మీద యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని కేకలు వేసిన రోజుల్లో బొమ్మ కొద్దికొద్దిగా మసకబారేది. డిజిటల్ బొమ్మ అలా కాదు; ఒక హద్దు దాకా నిక్షేపంగా ఉండి, ఆ తరువాత ముందు మెరుపుచుక్కలు, ఆ పైన రెండు మూడు సెకన్ల చీకటి, చివరకు "సిగ్నల్ లేదు" అన్న మాట. స్టూలెక్కే ఓపిక లేనివారు ప్లేయర్ సెట్టింగ్‌ను 1080పికి దించి చూడవచ్చు. చుక్కలు మాయమైతే అనుమానం కేబుల్ మీదకే పోతుంది.

వ్యాఖ్యాత: చీకటి అన్నారు కనుక అడుగుతున్నాను. సినిమా మొదలయ్యే ముందు తెర ఒకసారి నల్లబడుతుంది. అది కూడా కేబుల్ జబ్బేనా?

బాబాయి: కాదు. వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్‌లోకి మారేటప్పుడో, ఫ్రేముల వేగం మారేటప్పుడో రెండు పరికరాలు మళ్లీ ఒప్పందం కుదుర్చుకుంటాయి, ఆ రెండు క్షణాల చీకటి సహజం. కథ మధ్యలో, ఏ మార్పూ లేకుండా నల్లబడితేనే అనుమానించాలి. బొమ్మ అసలు రాకపోయినా, 4కె సినిమా 1080పిగా దిగిపోయినా మాత్రం హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ తాళాన్ని చూడాలి. సినిమా యాప్‌లు 4కెకు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 కోరతాయి. మధ్యలో ఉన్న పాత ఏవీ రిసీవర్‌కు, అంటే స్పీకర్లను నడిపే పెట్టెకు, అది తెలియకపోతే, రెండు కొసల్లో ఎంత కొత్త వస్తువులున్నా లాభం లేదు. రిసీవర్‌ను పారేయనక్కరలేదు. ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, శబ్దాన్ని మాత్రం టీవీలో దాన్ని వెనక్కి పంపే ఏఆర్‌సీ పోర్టు నుంచి రిసీవర్‌కు పంపితే సరిపోతుంది, రిసీవర్‌కు కూడా ఆ సౌకర్యం ఉండాలి.

వ్యాఖ్యాత: చుక్కలూ లేవు, చీకటీ లేదు, కానీ బొమ్మ వెలిసిపోయినట్టుందని మా పక్క ఫ్లాట్ ఆంటీ అంటున్నారు.

బాబాయి: ఆవిడను నల్ల చొక్కా వేసుకున్న నటుణ్ణి చూడమను. చొక్కా బూడిద రంగులో కనిపించినా, మడతలు ఏవీ కనపడక నల్లటి గుడ్డముక్కలా ఉన్నా, రెండు పరికరాలు నలుపును వేర్వేరు లెక్కలతో కొలుస్తున్నాయన్నమాట. వీడియో లెక్కలో నలుపు 16, తెలుపు 235. కంప్యూటర్ లెక్కలో 0 నుంచి 255. రెండు పరికరాలనూ సెట్టింగుల్లో ఒకే పరిధిలో పెడితే రంగు తిరిగి వస్తుంది. ఈ లోపంతో టీవీ ప్యానెల్ పోయిందనుకుని కొత్తది కొన్నవారిని చూశాను, చెబితే బాధపడతారని ఊరుకున్నాను.

వ్యాఖ్యాత: సినిమా టీవీ సీరియల్‌లా కనిపించడం?

బాబాయి: ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు కల్పించే మోషన్ స్మూతింగ్‌ను ఆపేయండి, అంతే.

వ్యాఖ్యాత: ఇక మా కేబుల్ సంగతికి వద్దాం. కొత్త కేబుల్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే, బంగారు పూత ఉంటే రంగులు బాగా వస్తాయని ఒక దుకాణంలో చెప్పారు.

బాబాయి: పూత తుప్పును ఆపుతుంది, రంగులను పెంచదు. పొట్లం మీది 8కె అక్షరాలను కూడా నేను లెక్కచేయను. ప్రీమియం హై స్పీడ్ అన్న ధ్రువీకరణ స్టిక్కర్ ఉంటే దాని కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తాను. పదిహేను మీటర్ల దూరానికి మాత్రం రాగి జోలికి పోకుండా, సిగ్నల్‌ను వెలుతురుగా మోసే ఆప్టికల్ కేబుల్ తెమ్మన్నాను. తెచ్చారు, సీలింగ్ కుర్రాడు శ్రద్ధగా లాగాడు, బొమ్మే పడలేదు. ఫోన్ టార్చి వేసి ప్రొజెక్టర్ దగ్గరి కనెక్టర్‌ను చూస్తే, దాని మీద గోరంత అక్షరాలతో "సోర్స్" అని ఉంది. ఆ కేబుల్‌కు దిక్కు ఉంటుంది. సోర్స్ కొస ప్లేయర్ వైపు, డిస్‌ప్లే కొస తెర వైపు ఉండాలి.

వ్యాఖ్యాత: ముప్పావు అంగుళం పైపులో నుంచి ఆ కనెక్టర్‌ను మళ్లీ వెనక్కి లాగడానికి ఆదివారమంతా పట్టింది. మళ్లీ పైపు వేసే పని పడితే ఎంత వెడల్పుది వేయించాలి?

బాబాయి: అంగుళంన్నరకు తగ్గొద్దు, మూలల్లో ఎల్బో కాకుండా వెడల్పాటి వంపు పెట్టించు. కేబుల్‌తోపాటు ఒక నైలాన్ దారం కూడా లాగి, రెండు కొసలా ముడివేసి వదిలెయ్. మీ సీలింగ్‌లో నేను వదిలిన దారం అలాగే ఉంది కదా?

వ్యాఖ్యాత: ఉంది బాబాయి గారూ. పని అయిపోయిందనుకుని కుర్రాడు కత్తిరించబోతే, అమ్మ ఆపింది.