శ్రీకాకుళం తీరం వెంట కారులో: సముద్రం కోసం కాదు, చెట్ల కోసం వెళ్లండి

నమస్కారం. ఇంటిల్లిపాదీ కారెక్కి శ్రీకాకుళం నుంచి బారువ వరకు తీరం పక్క దారుల్లో వెళ్లొచ్చాం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. సముద్రంలో ఆడుకోవడానికే అయితే ఇంత దూరం అక్కర్లేదు. చెట్ల కోసమైతే తప్పకుండా వెళ్లండి.

చాలామంది 16వ నంబరు జాతీయ రహదారి మీద నరసన్నపేట, టెక్కలి, పలాస దాటుకుంటూ ఇచ్ఛాపురం వెళ్లిపోతారు. ప్రయాణం హాయిగానే సాగుతుంది, కానీ అలా వెళితే ఈ జిల్లాను చూసినట్టు కాదు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం చూశాం. బాగున్నాయి, అంతే. దగ్గర్లోని శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలే నాకు ఎక్కువ నచ్చాయి. టెక్కలి దగ్గర హైవే దిగితే తేలినీలాపురం. సెప్టెంబరు నుంచి మార్చి మధ్య వెళితే అక్కడి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని కనిపిస్తాయి. వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకెళితే ఖాళీ కొమ్మలు చూపించాల్సి వస్తుంది.

అసలు ప్రయాణం వజ్రపుకొత్తూరు వైపు తిరిగాక మొదలవుతుంది. సరుగుడు తోపుల్లో కారు ఆపి, ఇంజను కట్టేసి, కాసేపు ఊరికే నిలబడండి. గాలి వీస్తే పైనంతా ఒకటే హోరు. అది అలల చప్పుడో, చెట్లదో చెప్పడం కష్టం. కింద రాలిన సూదుల మీద నడుస్తుంటే అడుగుల చప్పుడే వినిపించదు. ఆ సూదులు నిజానికి ఆకులు కావు, సన్నని పచ్చటి కొమ్మలు. ఆకులు ప్రతి కణుపు దగ్గరా చిన్న పొలుసుల్లా ఉంటాయి. కణుపు దగ్గర తుంచి, మళ్లీ అతికించి, ఎక్కడ తెగిందో కనుక్కోమనే ఆట మా అత్తగారు నేర్పారు. దాంతో పిల్లలు ఫోన్ల సంగతే మరిచిపోయారు.

కాలిఫోర్నియాలో ఉండే మా ఆడపడుచు అక్కడి తీరంలోని రెడ్‌వుడ్ చెట్ల ఫొటోలు పంపుతూ ఉంటుంది. వాటిలో అన్నిటికన్నా పొడవైనది 115 మీటర్లు దాటింది. సముద్రపు పొగమంచు నుంచి కూడా నీరు తీసుకుంటాయట. మన సరుగుడు అంత ఎత్తు ఎదగదు, నిజమే. కానీ వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని అందిస్తుంటే, ఒట్టి ఇసుకలో నిటారుగా లేస్తుంది. ఉప్పుగాలికి అడ్డంగా నిలబడి వెనక ఉన్న పొలాలను కాస్తుంది. నాకు ఇదే గొప్ప.

ఉద్దానంలోకి వచ్చాక కొబ్బరి, జీడి, పనస. మా అత్తగారి పుట్టిల్లు ఇటువైపే, కాబట్టి ఇక్కడ వ్యాఖ్యానం ఆవిడదే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆవిడ కారు కిటికీలోంచి వేలు చూపిస్తూ, “ఆ పొడుగువి తట్టుకున్నవి, ఈ పొట్టివి తరవాత నాటినవి” అంటుంటే, అంతవరకు నాకు ఒకే పచ్చదనంగా కనిపించిన తోట రెండుగా విడిపోయింది. ఈ ఒక్క దృశ్యం కోసమైనా పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఇక ఇబ్బందులు. లోపలి రోడ్లు ఇరుకు, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే పక్కకు దిగాల్సిందే. ఇసుక ఉన్నచోట మాత్రం దిగకండి, చక్రం కూరుకుపోతుంది. మరుగుదొడ్లు దొరకడం కష్టం. ఆడవాళ్లు, వృద్ధులు ఉంటే టెక్కలిలోనో పలాసలోనో ఆ పని చూసుకోండి. తోపుల్లో పొయ్యి పెట్టకండి, ఎండిన సూదులు నిమిషంలో అంటుకుంటాయి. పలాసలో జీడిపప్పు కొనేటప్పుడు గుండ్లు, బద్దలు, ముక్కల ధరలు వేరువేరుగా అడగండి.

బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలుస్తుంది. ఇసుక తీరం విశాలంగా ఉంది. అలల లాగుడు ఎక్కువ కాబట్టి పిల్లలను మోకాలి లోతు కూడా దాటనివ్వలేదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే పక్షులూ ఉంటాయి, ఎండా బాధించదు. తిరుగు ప్రయాణానికి మాత్రం సోంపేట దగ్గర హైవే ఎక్కేయండి. చీకటి పడ్డాక ఆ లోపలి దారుల్లో వీధి దీపాలుండవు, పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి.